డీజే స్టాండు మీద లైట్లు: పెట్టె మీది అంకె చెప్పని సంగతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పాటలు కలిపే కంట్రోలరు, ల్యాప్‌టాప్ పెట్టుకునే మడత స్టాండు ఒకటుంది. దాని వెనక కాళ్ళకు రెండు నిలువు పైపులు బిగించి, పైన అడ్డంగా ఒక బారు వేసి, నాలుగు ఎల్‌ఈడీ పార్ లైట్లు (డబ్బాలాంటి రంగుల లైట్లు), నడుమ ఒక చిన్న మూవింగ్ హెడ్ (మోటారుతో తల తిప్పే లైటు) తగిలించాలనుకుంటున్నారు. స్టాండు వచ్చిన పెట్టె మీద 40 కిలోలు మోస్తుందని రాసుంది, లైట్లన్నీ కలిపి తూస్తే 20 కూడా లేవు, కాబట్టి భయం లేదు కదా అని.

భయం ఉంది. చాలా ఏళ్ళుగా ఈ సామాను మోసుకు తిరుగుతున్నాను, బరువుకు విరిగిన స్టాండును నేనింతవరకూ చూడలేదు. ఒరిగి పడ్డవి మాత్రం చూశాను, అందులో ఒకటి నాదే. పెట్టె మీది 40 కిలోలన్నది బరువు సరిగ్గా నడిమధ్యన కూర్చుని నిటారుగా కిందికి నొక్కుతున్నప్పటి మాట. పక్కనుంచి ఎంత తోపు తగిలితే పడుతుందన్నది ఏ పెట్టె మీదా రాయరు. మీరు వేసుకోవాల్సింది ఆ లెక్క.

ముందు మీ మడత స్టాండు సంగతి చూద్దాం. ఎక్స్ ఆకారంలో తెరుచుకునే ఈ స్టాండ్లు వెడల్పుకు బాగానే ఉంటాయి, ముందువెనకల లోతే తక్కువ. పాదం పట్టీని ముందునుంచి వెనక్కి కొలిచి చూడండి, మూరెడు కూడా ఉండకపోవచ్చు. వెనక కాళ్ళకు నిలువు పైపులు కడితే లైట్ల బరువంతా ఆ మూరెడు జాగాలో వెనక అంచు మీదికి పోతుంది, కొన్నిసార్లు అంచు దాటి కూడా పోతుంది. పాట నడుస్తున్నంతసేపూ ముందున్న కంట్రోలరు బరువు దాన్ని పట్టి ఉంచుతుంది, అంతా గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. అసలు తంటా సర్దుకునేటప్పుడు. ఎవరైనా ముందు తీసేది ఖరీదైన కంట్రోలరునే. దాన్ని ఎత్తి కేసులో పెట్టేసరికి వెనక స్టాండు మెల్లగా వెల్లకిలా వాలుతుంది. అప్పటికి మీ రెండు చేతులూ ఖాళీగా ఉండవు.

ఇంకోటి కూడా ఉంది. మూవింగ్ హెడ్ తల విసురుగా తిరిగి ఆగిన ప్రతిసారీ బారు ఊగుతుంది, ఆ ఊపు కిందున్న బల్లకు దిగుతుంది. రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ వాడేవాళ్ళకైతే సూది ఎగురుతుంది. కంట్రోలరైతే తట్టుకుంటుంది గానీ, మీదున్న ల్యాప్‌టాప్ తెర రాత్రంతా వణుకుతూనే ఉంటుంది.

కాబట్టి నా మాట వింటే సామాను స్టాండు మీద లైట్లు వద్దు. బల్ల ఎత్తుకు దిగువన, స్టాండు ముందు కట్టే గుడ్డ తెర వెనక వెలగడానికి చిన్న బ్యాటరీ లైటు ఒకటో రెండో పెట్టుకుంటే తప్పులేదు. పార్ లైట్లకు విడిగా ట్రైపాడ్, అంటే మూడుకాళ్ళ స్టాండు, దాని మీద టీ-బారు, అంటే గొట్టం కొసన టీ అక్షరంలా అడ్డంగా కూర్చునే బారు, వాడండి. మూవింగ్ హెడ్‌ని నేలమీదో, వెడల్పాటి ఇనుప పలక అడుగున్న ట్రస్ స్తంభం (పైపుల్ని జాలీలా అతికి చేసినది) మీదో పెట్టండి. ట్రైపాడ్ కొన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు, అందుకే ఇక్కణ్ణుంచి కాస్త వివరంగా రాస్తాను.

మూడుకాళ్ళ స్టాండుకు ఒక మోసం ఉంది. మధ్య గొట్టం నుంచి పాదం కొస వరకు 60 సెంటీమీటర్లు ఉందనుకోండి. చుట్టూ 60 ఆసరా ఉందని మనకు అనిపిస్తుంది. కానీ స్టాండు కాలు ఉన్న వైపుకు పడదు, రెండు కాళ్ళ నడుమ ఖాళీ ఉన్న వైపుకు పడుతుంది. ఆ రెండు పాదాల కొసల్నీ కలుపుతూ నేలమీద సుద్దముక్కతో గీత గీసి, మధ్య గొట్టం నుంచి ఆ గీతకు ఎంత దూరమో కొలవండి. సరిగ్గా సగం, 30 సెంటీమీటర్లే వస్తుంది. ఏ మూడుకాళ్ళ స్టాండుకైనా కాళ్ళు సమానంగా తెరిస్తే ఇంతే. మీ అసలు ఆసరా ఆ సగమే.

ఇప్పుడు లెక్క. స్టాండు 8 కిలోలు, బారు 2, రెండున్నర కిలోల పార్ లైట్లు నాలుగు, మొత్తం 20 కిలోలు. దీన్ని 30 సెంటీమీటర్లతో గుణించి, తోపు తగిలే ఎత్తుతో భాగించండి. మనిషి భుజం ఎత్తులో, అంటే మీటరున్నర దగ్గర తగిలితే 4 కిలోల తోపు చాలు. బారు 2.8 మీటర్ల ఎత్తున ఉంటే అక్కడ 2 కిలోల పైచిలుకు లాగుడు చాలు. స్ప్రింగు త్రాసు కొక్కేన్ని తలుపు పిడికి తగిలించి 4 కిలోల దగ్గరికి లాగి చూడండి, అదెంత తక్కువో చేతికే తెలుస్తుంది. కుర్చీ మోసుకెళ్తూ ఒకరు తగిలినా చాలు, ఆడుతూ ఒకరు వెనక్కి రెండడుగులు వేసినా చాలు.

లైట్లు ఎక్కించే సమయంలో పరిస్థితి ఇంకా పలచన. మీటరు పైన పొడవున్న బారుకు ఒక పక్క రెండు లైట్లూ బిగించి, రెండో పక్కవి తేవడానికి మీరు బండి దగ్గరికి వెళ్ళారనుకోండి. బయటి లైటు 55 సెంటీమీటర్ల దూరంలో, అంటే ఆ 30 గీత దాటి వేలాడుతోంది. ఆ వైపు కాలు లేకపోతే భుజం ఎత్తులో ఒకటిన్నర కిలోల పైచిలుకు తోపుకే స్టాండు పోతుంది. అందుకే ఎప్పుడూ లోపలి జత ముందు, బయటి జత తర్వాత, అటొకటి ఇటొకటిగా ఎక్కించాలి. అదీ బారు నడుము ఎత్తులో ఉండగానే. దింపేటప్పుడు ఇదే వరస తలకిందులు.

దీన్ని బాగుచేయడానికి మూడు దారులున్నాయి, మూడూ ఖర్చు లేనివే. మొదటిది కాళ్ళు పూర్తిగా తెరవడం. జాగా చాలడం లేదని కాళ్ళు ముడిచి మూలకు నెట్టేవాళ్ళను చూస్తుంటాను, ఆసరాను చేజేతులా సగం చేసుకోవడమే అది. 60 బదులు 75 సెంటీమీటర్లకు తెరుచుకుంటే పైన చెప్పిన 4 కిలోలు 5 అవుతాయి. అయితే తెరిచేటప్పుడు మధ్య గొట్టం అడుగు నేలకు ఆనకుండా చూడండి. అది ఆనిందంటే బరువు గొట్టం మీదికి పోతుంది, కాళ్ళు అలంకారానికి మిగులుతాయి.

రెండోది కాలి దిశ. మూడు కాళ్ళలో ఒకటి ఎటు తిరగాలన్నది మీ చేతుల్లో ఉంది. బరువు ఎటు మొగ్గితే అటు, లేదా మొగ్గు లేకపోతే మనుషులు మసలే వైపుకు ఎదురుగా, అంటే వాళ్ళు తోస్తే స్టాండు ఎటు వాలుతుందో అటు ఒక కాలు ఉండాలి. జనం ముందు ఉంటే కాలు వెనక్కి. చాలామంది చూడ్డానికి బాగుంటుందని ఒక కాలు జనంవైపు చాస్తారు. అప్పుడు ఆ కాలికే జనం తట్టుకుంటారు, తోస్తే పడే వైపేమో ఖాళీగా ఉంటుంది.

మూడోది అడుగు బరువు. 15 కిలోల ఇసుక స్టాండు మొదట్లో పడితే మొత్తం 35 కిలోలు, భుజం ఎత్తు తోపు 4 నుంచి 7 కిలోలకు చేరుతుంది. సంచిని కాళ్ళ మీద నేలకు దగ్గరగా పడుకోబెట్టాలి. గాల్లో వేలాడదీస్తే స్టాండుతో పాటు అదీ ఊగుతుంది. ఒకే పెద్ద సంచి కన్నా ఐదేసి కిలోలవి మూడు, కాలికొకటి చొప్పున మేలు. నీళ్ళ డబ్బాలూ పనికొస్తాయి, మూత గట్టిదై ఉండాలంతే, కరెంటు వైర్లున్నచోట మాత్రం నేనైతే ఇసుకే వాడతాను.

నేల వాలు గురించి ఎవరూ పట్టించుకోరు. మధ్య గొట్టం 2 డిగ్రీలు వాలితే కంటికి తెలియదు, కానీ మూడు మీటర్ల ఎత్తున లైట్లు 10 సెంటీమీటర్లు పక్కకు జరుగుతాయి. లైట్ల బరువు వరకూ మీ 30లో 10 పోయినట్టే. జేబులో పట్టే రసమట్టం ఒకటి కొని గొట్టానికి ముందునుంచొకసారి, పక్కనుంచొకసారి ఆనించి చూసుకోండి. ఒక పాదం కింద పెట్టడానికి ప్లైవుడ్ ముక్కలు ఉంచుకోండి. ఇటుక ముక్కలూ, మడిచిన అట్టలూ వద్దు, స్పీకర్ల బేస్ మోత అదురుకు అవి జరిగిపోతాయి. మెత్తటి మట్టి నేల అయితే ప్రతి పాదం కిందా ప్లైవుడ్ పలక వేయండి, లేదంటే రాత్రి గడిచేకొద్దీ ఒక కాలు దిగబడుతుంది.

ఎత్తు విషయం క్లుప్తంగా. స్టాండును ఒక్క నాబ్ బిగింపు మీద నిలబెట్టవద్దు, రంధ్రంలోంచి ఉక్కు పిన్ను తప్పకుండా దూరాలి. పిన్ను పోయిందని మేకు దూర్చేవాళ్ళున్నారు, అది వంగుతుంది, కోసుకుపోతుంది. పై గొట్టం మీద ఆగమని గీత ఉంటుంది, అది దాటి లాగితే లోపల పట్టు చాలదు. లైట్లతో ఎత్తేటప్పుడు ఇద్దరుండాలి, ఒకరు గొట్టాన్ని పట్టుకుని ఎత్తితే రెండోవారు పిన్ను వేయాలి. ఒంటరిగా పనిచేసేవాళ్ళు చేతిపిడి తిప్పి ఎత్తే స్టాండు కొనుక్కోవడమే న్యాయం.

ఇక బిగింపులు. నేను తనిఖీకి ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే.

టీ-బార్లతో వచ్చే రెక్కల నట్టు చేత్తో బిగించడానికి సుఖంగా ఉంటుంది, బేస్ అదురుకు వదులవడానికి అంతకన్నా సుఖంగా ఉంటుంది. నేను వాటిని తీసేసి లోపల నైలాన్ వలయం ఉన్న నట్లు వేస్తాను, చాలా బార్లకు ఎం10 సైజు సరిపోతుంది. వరస ఇలా: బోల్టు తల, వాషరు, బారు, లైటు బ్రాకెట్టు, మళ్ళీ వాషరు, ఆపైన నట్టు. నట్టు బిగిశాక బోల్టు మరలు కనీసం రెండు బయటికి కనిపించాలి. కనిపించకపోతే నైలాన్ వలయం మరల్ని పట్టుకోలేదని అర్థం, పొడవాటి బోల్టు తెచ్చుకోవాలి. బిగించాక పెయింటు పెన్నుతో నట్టు మీదినుంచి బారు మీదికి ఒక గీత గీస్తాను. తర్వాతి కార్యక్రమానికి వెళ్ళినప్పుడు టార్చి వేసి చూస్తే చాలు, గీత రెండు ముక్కలై కనిపించిందంటే ఆ నట్టు తిరిగింది. పానా తీయకుండానే నాలుగు లైట్ల సంగతీ అర నిమిషంలో తేలిపోతుంది. లైటును పైకీ కిందికీ వంచే పక్క నాబ్‌లను కూడా ఈ చూపులోనే తడిమి చూడండి. అవి వదులైతే లైటు తల కిందికి జారి జనం కళ్ళలోకి కొడుతుంది, మరీ వదులైతే బ్రాకెట్టు నుంచే ఊడుతుంది.

క్లాంపు, అంటే గొట్టాన్ని చుట్టి పట్టే బిగింపు, వాడేవాళ్ళకు ఒక మాట. ట్రస్ క్లాంపులు దాదాపు 50 మిల్లీమీటర్ల గొట్టానికి చేసినవి. మీ స్టాండు గొట్టం 35 అయితే నడుమ గుడ్డో, రబ్బరో చుట్టి బిగించేయకండి. రబ్బరు నలిగి పలచబడ్డాక క్లాంపు గిర్రున తిరుగుతుంది. సైజుకు తగిన క్లాంపు వాడాలి. కొస బోల్టుతో గుచ్చి పట్టే క్లాంపులు పలచటి అల్యూమినియం గొట్టాన్ని సొట్ట చేస్తాయి. వెడల్పాటి పట్టీతో చుట్టూ పట్టే రకం తీసుకోండి, దాన్ని కూడా చేయి బిగిసే వరకే బిగించండి. బలం చూపిస్తే గొట్టం గుడ్డు ఆకారంలోకి మారుతుంది.

సేఫ్టీ వైరు లేకుండా తల మీద ఏ లైటూ వేలాడకూడదు, దీనికి మినహాయింపు లేదు. ఉక్కు తీగల తాడు, రెండు కొసలూ ఫ్యాక్టరీలో నొక్కి మూసినది, మర తిప్పి మూసే కొక్కెంతో ఉండాలి. ప్లాస్టిక్ జిప్ టైలు వైర్లు కట్టడానికే. ఎండకు, వేడికి అవి పెళుసెక్కి టక్కున తెగుతాయి. వైరును లైటు వెనక దానికోసమే ఇచ్చిన రింగులోంచి తీయాలి, బ్రాకెట్టు చుట్టూ కాదు. బ్రాకెట్టుకు కడితే పక్క నాబ్‌లు ఊడినప్పుడు బ్రాకెట్టు మాత్రం భద్రంగా మీ వైరుకు వేలాడుతుంది, లైటు నేలమీద ఉంటుంది. రెండో కొసను బారు చుట్టూ ఊరికే తిప్పడమూ చాలదు. బారు ఒక పక్కకు వాలితే వైరు జారి కొసనుంచి బయటికి వచ్చేస్తుంది. బోల్టుకు లోపలి వైపు, మధ్య గొట్టం ఉన్న వైపు తిప్పండి. అప్పుడు జారినా బోల్టు అడ్డం వస్తుంది.

వైరు వదులుగా ఉండకూడదు, లైటు ఊడితే 20 సెంటీమీటర్లకు మించి పడకుండా చూసుకోవాలి. ఎందుకో లెక్కలో చెప్తాను. రెండున్నర కిలోల లైటు 20 సెంటీమీటర్లు పడి, వైరు అందుకున్నాక ఒక సెంటీమీటరులో ఆగిందనుకుంటే ఆ క్షణంలో సగటున 50 కిలోల పైగా బలం పడుతుంది. అదే 60 సెంటీమీటర్లు పడితే 150 దాటుతుంది. చేతిలో తేలిగ్గా తోచే లైటే ఇది. వైరు పొడవెక్కువైతే మరోచుట్టు చుట్టి పొట్టి చేయండి. ఒక్కసారి లైటును ఆపిన వైరు మళ్ళీ వాడకూడదు, పైకి బాగానే కనిపించినా సరే.

అయితే స్టాండే పడుతున్నప్పుడు సేఫ్టీ వైరు చేసేదేమీ లేదు, లైటును స్టాండుతో కలిపి పడేలా చేస్తుందంతే. నా సంగతి అలాగే జరిగింది. అప్పట్లో పొడవు ఆదా అవుతుందని బారు నుంచి కరెంటు వైరును ఏటవాలుగా నేరుగా బల్ల మీది ఎక్స్‌టెన్షన్ బాక్సుకు లాగేవాణ్ణి. ఒక రాత్రి మా కుర్రాడే వెనకనుంచి కుర్చీల దొంతర మోసుకెళ్తున్నాడు, పై కుర్చీ కాలు ఆ వైరుకు తగులుకుంది. వాడికి లాగినట్టు కూడా తెలియలేదు. వెనక్కి తిరిగి చూసేసరికి స్టాండు ఒక వైపుకు నింపాదిగా వాలుతోంది, విరిగే చప్పుడు గానీ, కుదుపు గానీ లేదు. పక్కనున్న స్పీకరు ఆపింది కాబట్టి సరిపోయింది. సేఫ్టీ వైరు కట్టని లైటు ఒకటి ఊడి, బ్రాకెట్టు వంగిపోయి, నా కాలికి జానెడు దూరంలో పడింది. పైన చెప్పిన 2 కిలోల లాగుడు లెక్క నేను ఆ తర్వాతే వేసుకున్నాను.

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. వైర్లన్నీ బారు వెంట మధ్యకు రావాలి, మధ్య గొట్టం వెంట కిందికి దిగాలి, జానెడుకు ఒకచోట వెల్క్రో పట్టీ. గొట్టం మొదట్లో, కాలు చీలే చోట ఒక గట్టి ముడి. దాని తర్వాత నేలమీద ఒక చుట్ట వదులు. ఎవరైనా తట్టుకుంటే ముందు ఆ చుట్ట సాగుతుంది, ఆ తర్వాత లాగుడు స్టాండు అడుగున పడుతుంది. అడుగున లాగితే స్టాండు జరుగుతుందే తప్ప ఒరగదు. గొట్టం ఎత్తు ఖరారు చేశాకే పట్టీలు బిగించండి, ముందే బిగించి ఆ తర్వాత ఎత్తితే ప్లగ్గులు ఊడొస్తాయి. నడిచే దారిలో వైరు పోక తప్పకపోతే మీద రబ్బరు వంతెన వేయండి, లేకపోతే గుడ్డ టేపును వైరు పొడవునా అంటించండి. అక్కడక్కడా అడ్డంగా అంటించిన టేపు కిందికి చెప్పు కొస దూరుతుంది.

కరెంటు గురించి రెండు ముక్కలు. క్లాంపు కింద నలిగిన వైరు ఇనుప స్టాండు మొత్తానికీ కరెంటు ఎక్కించగలదు, కాబట్టి ఎర్త్ పిన్ను విరిగిన ప్లగ్గు ఆ పూటే పారేయండి, మీ లైను మొదట్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చి) ఉండేలా చూసుకోండి. ఒక లైటు నుంచి ఇంకో లైటుకు కరెంటు అందించుకుంటూ పోతే, ఎన్ని కలపవచ్చో లైటు వెనక చీటీ మీద ఉంటుంది, అంతకు మించవద్దు. పాత హాలోజెన్ పార్లు ఇంకా వాడుతుంటే తెరలకూ అలంకరణ గుడ్డలకూ దూరంగా పెట్టండి, వాటి వేడి ఎల్‌ఈడీ వాటికి అలవాటుపడ్డ చేతికి గుర్తుండదు.

ఆరుబయట అయితే గాలి ఇంకో శత్రువు. సెకనుకు 10 మీటర్ల గాలి, అంటే గంటకు 36 కిలోమీటర్లు, చదరపు మీటరు మీద దాదాపు 6 కిలోల బలంతో నొక్కుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. మీ స్టాండు బారు దగ్గర ఆపగలిగేది 2 కిలోలేనని పైన చూశాం. కాబట్టి బారుకు పేరు రాసిన బ్యానరు వేలాడదీశారంటే తెరచాప కట్టినట్టే. గుడ్డలేమీ లేకపోయినా నాలుగు లైట్ల ఒళ్ళు కలిపి ఆ 2 కిలోల్లో సగాన్ని మింగేస్తాయి. బయట నేను ఇసుక రెట్టింపు చేసి, ఎత్తు తగ్గిస్తాను. చెట్ల కొమ్మలు పెద్దవి కూడా ఊగడం మొదలైతే పాట మధ్యలో ఉన్నా సరే దింపేస్తాను. లైటు లేకపోయినా జనం ఆడతారు.

మూవింగ్ హెడ్‌కు పెట్టే ట్రస్ స్తంభం విషయంలో కూడా తూకం ఇదే సూత్రం. అడుగు పలక ఇనుపదై, బరువుగా ఉండాలి, స్తంభం ఎత్తు మీటరున్నరకు మించక్కర్లేదు. పై పలకకు లైటును బోల్టు చేయండి లేదా లైటుతో వచ్చిన, పావు వంతు తిప్పితే పడే తాళాలున్న బ్రాకెట్టుతో బిగించండి. రబ్బరు పాదాల మీద ఊరికే కూర్చోబెట్టిన మూవింగ్ హెడ్ తల విసిరినప్పుడల్లా ఇంతింత జరుగుతుంది, గంటలో అంచుకు చేరుతుంది. దానికీ సేఫ్టీ వైరు కావాలి.

తర్వాత రెండు స్టాండ్ల నడుమ ట్రస్ వేసి వంతెనలా కట్టాలన్న ఆలోచన మీకు వస్తుంది, అందరికీ వస్తుంది. అప్పుడు రెండు స్టాండ్లనూ ఒకేసారి, ఒక్కో రంధ్రం చొప్పున ఎత్తాలి. ఒకటి మీటరు ఎత్తి రెండోదాని దగ్గరికి పరిగెత్తితే ట్రస్ కొసలు స్టాండ్లను లోపలికి లాగుతాయి. లైట్ల బరువు ట్రస్ నడిబొడ్డున కుప్పపోయకుండా కొసల వైపు పంచండి.

సర్దుకునే వరస కూడా రాసేస్తాను, ఎందుకంటే అలసిపోయిన వేళే చేతులు జారేది. ముందు కరెంటు ఆపి, లైట్లు చల్లారనివ్వండి. బారును నడుము ఎత్తుకు దించండి. బయటి జత లైట్లు, తర్వాత లోపలి జత, తర్వాత బారు. సేఫ్టీ వైరు కొక్కెం విప్పేది బోల్టు పూర్తిగా ఊడదీసి లైటు బరువు మీ చేతిలోకి వచ్చాకే. ఇసుక సంచులు అన్నిటికన్నా చివర.

మీ కొత్త స్టాండు పాదం కొసనుంచి మధ్య గొట్టానికి ఎన్ని సెంటీమీటర్లో, స్టాండు ఒట్టి బరువెంతో, బారు ఎంత ఎత్తుకు లేపుదామనుకుంటున్నారో కొలిచి రాయండి. ఎంత ఇసుక కావాలో లెక్క కట్టి చెప్తాను.